విన్ స్కల్లీ: మైకు ముందు ఒక్కరే

ఇప్పుడు టీవీలో ఏ ఆట పెట్టినా వ్యాఖ్యానానికి ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఒకరు చూసింది చెబుతారు, ఇంకొకరు దానికి భాష్యం చెబుతారు, మిగిలినవారు నవ్వుతారు. వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటుంటే మనం పక్కింటి గోడకు చెవి పెట్టినట్టుంటుంది. విన్ స్కల్లీ అలా కాదు. డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టుకు 1950 నుంచి 2016 దాకా 67 సీజన్లు వ్యాఖ్యానం చెప్పిన ఆయన, మైకు ముందు ఒక్కరే ఉండటానికి ఇష్టపడేవారు. పక్కన మనిషి లేడు కాబట్టి మాటంతా వినేవాడికే.

1958లో జట్టు బ్రూక్లిన్ నుంచి లాస్ ఏంజిలెస్ వచ్చింది. మొదట్లో ఆడిన కొలీజియం ఈ ఆటకు మరీ పెద్దది. వెనక వరసలవాళ్లకు బంతి సరిగా ఆనేది కాదు. అందుకని ట్రాన్సిస్టర్లు తెచ్చుకుని, ఎదురుగా జరుగుతున్న ఆటనే స్కల్లీ గొంతులో వినేవారు. (మన క్రికెట్ స్టేడియాల్లోనూ ఒకప్పుడు ఈ అలవాటు ఉండేది.) ఒకసారి ఆయన రేడియోలో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడితే, మైదానమంతా ఒక్క గొంతుతో అంపైరుకు పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పింది!

ఆయన పనితనం తెలియాలంటే 1965 సెప్టెంబర్ 9 రాత్రి రికార్డింగు వినాలి. డాడ్జర్స్ తరఫున శాండీ కోఫాక్స్ బంతులు వేస్తున్నాడు. ఎదుటి జట్టు బ్యాటర్లు వరసగా 27 సార్లు వచ్చి, ఒక్కడూ బేస్ చేరకుండా వెనుదిరిగితే అది పర్ఫెక్ట్ గేమ్. చివరి ఇన్నింగ్స్‌లో స్కల్లీ కోఫాక్స్ టోపీ తీయడం, నల్లటి జుట్టులోకి వేళ్లు పోనివ్వడం చెబుతారు. మధ్యమధ్య గడియారంలో టైమెంతయిందో చెబుతారు. ఆ టేపు రేపు కోఫాక్స్ దగ్గర ఉంటుందని, అందులో తేదీ, సమయం ఉండాలని ఆయన ఆలోచన. ఆఖరి బ్యాటర్ అవుటయ్యాక జనం హోరుకు చోటిచ్చి, ఆ తర్వాతే రాత్రి 9:46 అని నమోదు చేశారు.

1988 వరల్డ్ సిరీస్, అంటే బేస్‌బాల్ ఫైనల్ పోరు, మొదటి ఆటకు స్కల్లీ టీవీలో వ్యాఖ్యానం చెప్పారు. రెండు కాళ్లూ దెబ్బతిని కుంటుతూ వచ్చిన కర్క్ గిబ్సన్ చివర్లో హోమ్ రన్ కొట్టి డాడ్జర్స్‌ను గెలిపించాడు. బంతి దాటిపోయిందని చెప్పి స్కల్లీ నిమిషానికి పైగా నోరు విప్పలేదు. రేడియోలో జుట్టు దాకా వర్ణించిన మనిషే, బొమ్మ కళ్లెదుట ఉంటే తప్పుకున్నారు. చిన్నప్పుడు రేడియో కింద దూరి జనం హోరు విని మురిసిపోయేవాణ్నని ఆయనే చెప్పుకున్నారు. ఆ రుచి చివరిదాకా పోలేదు.

ఇంతకన్నా కష్టం రేడియోలో మౌనం, సెట్టు పాడైందనుకుంటారు. 1974 ఏప్రిల్ 8న అట్లాంటాలో డాడ్జర్స్ మీద ఆడుతూ హాంక్ ఆరన్ 715వ హోమ్ రన్‌తో బేబ్ రూత్ రికార్డు దాటినప్పుడు ఆయన ఆ తెగువా చూపించారు. అంతకుముందు ఆరన్‌కు నల్లవాడన్న కక్షతో బెదిరింపు ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయి. హోరు కాస్త తగ్గాక స్కల్లీ అంకెల జోలికి పోలేదు. అమెరికా దక్షిణాదిలో ఒక నల్లజాతి మనిషికి జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారని చెప్పారు. అప్పటికి ఆట ఇంకా అయిపోలేదు, ఆయన చేయాల్సిన పని ఇంకా మిగిలే ఉంది.