వెతికినందుకు కూలి

ఈ వారం నాకు ఒళ్ళు మండించిన మాట "ఫార్మాట్ కొట్టేద్దాం". ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనకోడలి కోసం విశాఖలో ఒక షాపులో కొత్త కంప్యూటర్ అసెంబుల్ చేయించారు. చోడవరం చేరిన మర్నాటి నుంచీ అది ఉన్నట్టుండి ఆగిపోతోంది. ఒకసారి నీలం తెర వస్తుంది, ఒకసారి చెప్పాపెట్టకుండా రీస్టార్ట్ అవుతుంది. సినిమా పెడితే గంటల తరబడి బుద్ధిగా నడుస్తుంది, ప్రాజెక్టు పని సగంలో ఉండగా పడిపోతుంది. షాపుకి ఫోన్ చేస్తే ఒకటే మందు: విండోస్ మళ్ళీ వేయించండి. మన ఊరి కుర్రాడొకడు ఐదొందలు తీసుకుని ఆ పనీ చేశాడు. ఆ సాయంత్రమే ఫోన్: "మావయ్యా, మళ్ళీ పోయింది."

నా మొదటి అనుమానం దేని మీదికి పోతుందో ఈ కాలమ్ చదివేవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎర్తింగ్. గొయ్యి తీసి ఉప్పూ బొగ్గూ వెయ్యకుండా, మూడు కన్నాల సాకెట్ బిగించి పనైపోయిందనుకునే ఇళ్ళ గురించి ఎన్నిసార్లు రాశానో. రెండో అనుమానం మన బీఎన్ రోడ్డు. సబ్బవరం నుంచి ఆ గోతుల్లో పడుతూ లేస్తూ వచ్చిన డబ్బాలో మెమరీ ముక్క స్లాటులోంచి కాస్త లేచినా వింత లేదు. రెండూ చూశాం. మీటరు పెడితే ఫేజుకీ ఎర్తుకీ మధ్య 230కి దగ్గర, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య దాదాపు సున్నా. మెమరీ ముక్కలు తీసి, టిక్కుమనేదాకా మళ్ళీ నొక్కాం. అయినా ఆగింది.

ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అనే నమోదు కనిపించగానే, కరెంటందించే ఎస్ఎంపీఎస్ పోయిందని తేల్చేసేవాళ్ళున్నారు. అది చెప్పేది ఒక్కటే: కిందటిసారి మిషన్ పద్ధతిగా ఆగలేదని. ఎందుకు ఆగిందో దానికీ తెలీదు. నీలం తెర మీది కోడ్లు కొంత నయం. ఎప్పుడూ ఒకే కోడు, ఒకే డ్రైవర్ పేరు వస్తుంటే ఆ డ్రైవర్ని పట్టుకోవచ్చు. దీనికి పూటకో కోడు. అలాంటప్పుడు ముందుగా చూడాల్సింది మెమరీ.

మెమ్‌టెస్ట్86+ ఉచితంగా దొరుకుతుంది. విండోస్‌తో పని లేకుండా పెన్‌డ్రైవ్ నుంచే లేచి, మెమరీలో గదిగదికీ ఒక నమూనా రాసి, తిరిగి చదివి, రాసిందే వచ్చిందా అని చూస్తుంది. రాత్రి పెట్టి పడుకున్నాం. తెల్లారేసరికి ఎర్ర వరుసలు. ఉండాల్సిన అంకె పక్కనే వచ్చిన అంకె, అంత పొడుగు వరుసలోనూ ఒక్క చోటే తేడా. పెట్టెలో ఉన్నవి రెండు కంపెనీల ముక్కలు. పైగా షాపువాళ్ళు బయోస్‌లో ఎక్స్ఎంపీ ఆన్ చేసి పంపారు. డబ్బా మీద వేసిన వేగం అది ఆన్ చేస్తేనే వస్తుంది, కాకపోతే ప్రతి జతా ఆ వేగాన్ని మొయ్యలేదు. ఆఫ్ చేస్తే తప్పులు తగ్గాయి గాని పోలేదు. అప్పుడు ఒక్కో ముక్కనే పెట్టి చూశాం. ఒకటి ఏ స్లాటులో పెట్టినా శుభ్రం, రెండోది ఎక్కడ పెట్టినా తప్పే.

కొత్తది కదా, అప్పుడే పాడవుతుందా అంటారు. గూగుల్ సర్వర్లలోని మెమరీని రెండేళ్ళకి పైగా గమనించి 2009లో అచ్చేసిన పరిశోధనలో, ఏడాదిలో 8 శాతానికి పైగా ముక్కల్లో తప్పులు కనబడ్డాయి. ఆ సర్వర్లలో తప్పు పట్టుకునే ఏర్పాటు ఉంది. మామూలుగా ఇళ్ళలో వాడే మెమరీకి అది ఉండదు. అంకె మారిపోయినా ఎవరూ చెప్పరు, ఎప్పుడో మిషన్ పడిపోతుంది.

చిన్నప్పుడు మా వీధి చివర వాల్వు రేడియోలు బాగుచేసే ఆయన ఒకరుండేవారు. పూర్తిగా మూగబోయిన రేడియో తెస్తే ఆయనకి ఉత్సాహం. ఆగాగి పలికేది తెస్తే మొహం మారిపోయేది. వెనక అట్ట తీసి, విశాఖ స్టేషన్ పెట్టి, పెన్సిలు వెనక కొసతో ఒక్కో వాల్వునీ మెల్లగా తట్టేవారు. గరగరమందా, దొంగ దొరికినట్టే. అనకపోతే అట్ట మూసి, పైన గుడ్డ కప్పి, లోపల బాగా వేడెక్కనిచ్చేవారు. చల్లగా ఉన్నంతసేపు అంటుకున్నట్టుండే టంకం వేడికి వదిలేస్తుందని, అది వదిలేదాకా కూర్చోవడమే పని అని చెప్పేవారు. ఏది కదిపినా ఒకసారికి ఒకటే. కదిపింది పలక మీద రాసేవారు. బడి నుంచి వచ్చి ఆ బల్ల పక్కనే నిలబడిపోయేవాణ్ణి. ఒక సమయంలో ఒక్కటే మార్చాలని ఇక్కడ నేను పదేపదే రాసేది ఆ పలక చలవే.

కాని ఆయన దగ్గర చూసిన ఇంకో సంగతి ఇన్నాళ్ళూ రాయలేదు. రేడియో తీసుకెళ్ళడానికి వచ్చిన ఆసామి "ఏటి మార్చేరు?" అనేవాడు. టంకం చుక్క వేశానంటే చేతిలో చిల్లర పెట్టేవాడు. ఆ చుక్క ఎక్కడ వెయ్యాలో తెలియడానికి పట్టిన రెండు రోజులు ఎవరి లెక్కలోకీ రావు. అందుకని ఆయన బాగున్న కండెన్సర్ ఒకటి పీకి, కొత్తది వేసి, పాతదాన్ని కాయితంలో చుట్టి ఇచ్చేవారు. అప్పుడు డబ్బులు వచ్చేవి. అంత నిజాయితీ గల మనిషి అలా చేయడం నాకు చాలా కాలం మింగుడుపడలేదు.

మన ఊరి కుర్రాణ్ణి నిలదీద్దామనే వెళ్ళాను. మెమ్‌టెస్ట్ తెలీదా అంటే, "తెలుసండి. రాత్రంతా మిషన్ బల్ల మీద ఉంచి, పొద్దున్నే 'ఏటీ మార్చలేదండి, మెమరీ పోయింది, కొన్నచోటికే పంపండి' అంటే ఎవరిస్తారండి డబ్బులు? విండోస్ వేసేనంటే మాట్లాడకుండా ఐదొందలిస్తారు" అన్నాడు. వెతకడం అంత తేలిక కూడా కాదు. ఇంటెల్ అంతటి కంపెనీకే 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు ఎందుకు పడిపోతున్నాయో తేల్చడానికి 2024లో నెలలు పట్టింది. మొదట వేలు మదర్‌బోర్డు సెట్టింగుల వైపు చూపించింది. చివరికి తమ మైక్రోకోడే అవసరానికి మించి వోల్టేజీ అడుగుతోందని బయటపడి, ఆగస్టులో సవరణ ఇచ్చి, వారంటీ మరో 2 ఏళ్ళు పొడిగించారు. ఐదొందలకి, గంటలో, ఈ కుర్రాడి నుంచి మనం అంతకంటే ఏం ఆశిస్తున్నట్టు? ఫార్మాట్ అలవాటు చేసింది వాడు కాదు, మనం.

కొత్త మిషన్ అమ్మిన షాపుని మాత్రం వదలను. జతపడని ముక్కలు బిగించి, వేగం పెంచి, ఒక్క రాత్రి పరీక్షైనా చెయ్యకుండా పంపడం వ్యాపారం కాదు. పాడైన ముక్క వారంటీకి వెళ్ళింది. పిల్ల మిగిలిన ఒక్కదాంతోనే ప్రాజెక్టు చేసుకుంటోంది, మిషన్ ఆగలేదు.

రాత్రి పరీక్షకి ఇంత అని తన షాపులో బోర్డు పెట్టమని కుర్రాడికి చెప్పాను, తప్పు దొరికినా దొరక్కపోయినా. "దొరక్కపోతే గొడవపడతారండి" అన్నాడు. ఏవేవి చూశావో, ఏవి బాగున్నాయో కాయితం మీద రాసివ్వమన్నాను. మూడొందలు పెట్టమంటే, రెండొందలైతే ఇస్తారేమోనని నసిగాడు. మూడొందలే పెట్టమని గట్టిగా చెప్పి వచ్చాను.