‘అప్‌హిల్’: క్రిస్టినా రొసెట్టి జవాబుల కొలత

క్రిస్టినా రొసెట్టి ‘అప్‌హిల్’ పదహారు పాదాల చిన్న ఇంగ్లీషు పద్యం. 1858 జూన్‌లో రాసింది. 1861 ఫిబ్రవరిలో మాక్మిలన్స్ మ్యాగజైన్‌లో అచ్చయింది. ఒక బాటసారి అడుగుతూ ఉంటే ఎవరో జవాబు చెబుతూ ఉంటారు. దారి కడదాకా ఎక్కుడేనా అని, రాత్రికి తలదాచుకునే చోటు ఉందా అని, చీకట్లో అది కనబడుతుందా అని, తలుపు తట్టాలా కేకెయ్యాలా అని. ఇలా ఎనిమిది ప్రశ్నలు, ఎనిమిది జవాబులు. దేవుడి పేరు లేదు, క్రీస్తు పేరు లేదు. మరణం, పరలోకం అన్న మాటలైనా లేవు. అయినా పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు భక్తి కవిత్వంలో ఇంతకంటే బిగువైన అల్లిక నేను చదవలేదు.

ఆ బిగువు ఎక్కడుందో చూడాలంటే జవాబుల పొడవు కొలవాలి. ఇంగ్లీషు ఉచ్చారణ ప్రకారం లెక్కపెడితే అడిగే పాదాల్లో మొదటిదానికి తొమ్మిది అక్షరాలు, మిగిలిన ఏడింటికీ పదేసి. జవాబులు చాలావరకు ఆరక్షరాలే. పొడుగ్గా అడిగితే పొట్టిగా చెప్పడం. మన ఆటవెలదిలోనూ ఒకటీ మూడూ పాదాలు నిడివిగా, రెండూ నాలుగూ కురచగా నడుస్తాయి కాబట్టి ఈ ఎగుడుదిగుడు తెలుగు చెవికి కొత్తేమీ కాదు. కానీ ఆటవెలదిలో కొలత ముందే ఖాయమై ఉంటుంది. రొసెట్టి మాత్రం దాన్ని కావాలనే తప్పింది. మూడో జవాబు పదక్షరాలకు సాగుతుంది, ఆరో జవాబూ అంతే. మూడోది రాత్రికి నీడ దొరుకుతుందని చెప్పే జవాబు. ఆరోది గుమ్మం ముందు నిలబెట్టరని చెప్పే జవాబు. ఆదరణ దొరికే ఆ రెండు చోట్లే జవాబు ప్రశ్నంత పొడవవుతుంది. అక్కడ మాత్రమే చెప్పేవారు అడిగినవారితో సమానంగా అడుగు కలిపి నడుస్తున్నట్టు వినిపిస్తుంది. మూడోదాని వెంటనే మళ్ళీ ఆరక్షరాల పొదుపు. ఓదార్పును మాటల్లో పెట్టకుండా కొలతలో పెట్టింది. చదివేవాళ్ళలో చాలామంది దీన్ని లెక్కపెట్టరు, కానీ ఆ తేడా చెవికి తెలుస్తూనే ఉంటుంది.

ఈ పొదుపు ఆమె సొంత స్వభావం మాత్రమే కాదు, దాని వెనక ఒక ఉద్యమం ఉంది. 1833 జులై 14న ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ మేరీస్ చర్చిలో జాన్ కీబుల్ ఒక ప్రసంగం చేశాడు. ఐర్లండ్‌లో బిషప్పుల పదవులను తగ్గించడానికి పార్లమెంటు పూనుకున్న రోజులవి. సంఘం ప్రభుత్వ శాఖ కాదు, అపొస్తలుల నుంచి వచ్చినది అన్నది అతని వాదన. ఆక్స్‌ఫర్డ్ ఉద్యమానికి అదే మొదటి రోజని ఆ ఉద్యమ నాయకుల్లో ఒకడైన న్యూమన్ తర్వాత రాసుకున్నాడు. 1841 నాటికి ఉద్యమం తరఫున తొంభై కరపత్రాలు వెలువడ్డాయి. వాటిలో 80, 87 సంఖ్యలవి ఐజాక్ విలియమ్స్ రాసినవి. పవిత్ర విషయాలను బజారులో పరిచినట్టు ఒక్కసారిగా పరచకూడదు, వినేవారి మనసు సిద్ధపడినంత మేరకే విప్పాలి అన్నది వాటి సారాంశం. సిలువను బాహాటంగా ప్రకటించడమే ధర్మమనుకునే ఇవాంజెలికల్ వర్గానికి ఇది బొత్తిగా రుచించలేదు. వాళ్ళ కోపంలోనూ న్యాయముంది. కానీ కవిత్వానికి ఈ సిద్ధాంతం చేసిన మేలు చాలా పెద్దది.

కీబుల్ స్వయంగా కవి. 1827లో పేరు వేసుకోకుండా ప్రచురించిన ‘ది క్రిస్టియన్ ఇయర్’ ఆంగ్లికన్ ప్రార్థన గ్రంథంలోని ఆదివారాలు, పండుగల వరుసలో సాగే పద్యాల పుస్తకం. ఆ శతాబ్దంలో లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. రొసెట్టి దాన్ని ఎంత దగ్గరగా చదివిందంటే, పద్యాల పక్కన పెన్సిలుతో చిన్న చిన్న బొమ్మలు గీసుకుంది. అయినా పనితనంలో ఆమె కీబుల్‌ను దాటిపోయిందనే నేనంటాను. అతను మౌనం మంచిదని నమ్మి కూడా, ఒక పొద్దునో పువ్వో చూపించాక అందులోని పాఠాన్ని చాలాసార్లు తానే విప్పిచెబుతాడు. ‘అప్‌హిల్’లో ఆమె రాత్రి బసగా సత్రాన్ని చూపించి ఊరుకుంటుంది. బేత్లెహేములో శిశువుకు చోటు దొరకని సత్రం తెలిసినవారికి, అందరికీ పడకలున్న ఈ సత్రం ఏమిటో చెప్పనక్కరలేదు. తలుపు తట్టడం గురించిన ప్రశ్న వెనక కొండమీది ప్రసంగం ఉంది. అది గుర్తుకు రానివారికి కూడా పద్యం ఎక్కడా అడ్డుపడదు.

పదమూడేళ్ళ వయసు నుంచే తల్లితో, అక్క మరియాతో కలిసి ఆమె లండన్‌లోని ఆల్బనీ స్ట్రీట్ క్రైస్ట్ చర్చికి వెళ్ళేది. ఉద్యమం వేడి బాగా తగిలిన చర్చి అది. 1845లో ఆంగ్లికన్ సంఘంలో తొలి సన్యాసినుల మఠం ఆ పరిసరాల్లోనే మొదలైంది. మరియా తర్వాతి కాలంలో మరో మఠంలో చేరింది. క్రిస్టినా చేరలేదు. హైగేట్‌లో, దారి తప్పిన స్త్రీలుగా లోకం ముద్రవేసినవారికి ఆశ్రయమిచ్చే ఇంట్లో సేవ చేస్తూ, కవిత్వం రాసుకుంటూ ఉండిపోయింది.

1862లో ‘గోబ్లిన్ మార్కెట్’ సంపుటి వచ్చింది. అందులో భక్తి పద్యాలకు చివర ఒక ప్రత్యేక భాగం ఉంది. ‘అప్‌హిల్’ ఆ భాగంలో లేదు. దానికి సరిగ్గా ముందు, లౌకిక పద్యాల్లో ఆఖరిదిగా ఉంది. పద్యంలో పాటించిన నిగ్రహాన్నే పుస్తకం అమరికలోనూ పాటించింది. ఇది భక్తి పద్యమని శీర్షిక చెప్పదు, పేజీ మారిస్తే తెలుస్తుంది.

ఏడో జవాబు దగ్గర మాత్రం ఎవరైనా ఆగాల్సిందే. అలసిన బాటసారి తనకు ఊరట దొరుకుతుందా అని అడుగుతాడు. పడ్డ శ్రమ లెక్క మొత్తం అక్కడ తేలుతుందన్నట్టుగా వస్తుంది జవాబు. ఈ ఒక్కదానికే ఎనిమిది అక్షరాలు: ఆరూ కాదు, పదీ కాదు. కృప ఉచితమని నమ్మేవారికి ఇది గుచ్చుకుంటుంది. బాప్తిస్మం పొందినవారు కూడా జీవితమంతా శ్రమతో పరిశుద్ధతలో ఎదగాలని బోధించిన ఆక్స్‌ఫర్డ్‌వారికి ఇది ఇంటిమాట. ఊరటా? కూలి లెక్కా? రెండర్థాల్లో దేన్నీ ఆమె కొట్టెయ్యలేదు, పాదాన్ని కూడా రెండు కొలతల నడుమే నిలబెట్టింది. ఆఖరి ప్రశ్నకు జవాబు తిరిగి ఆరక్షరాలే. అందులో ఇక లెక్క ప్రస్తావన లేదు, వచ్చిన వాళ్ళందరికీ పడక ఉందనడమే ఉంది.