సన్నని పేగు దగ్గర ఆగిన చూపు

నాలుగేళ్ళ పిల్లవాడికి ఏడాదిగా మలబద్ధకం. వారానికి ఒకటి రెండుసార్లే దొడ్డికి వెళ్తాడు, వెళ్ళినప్పుడల్లా ఏడుపే. తల్లి ఇదంతా చెబుతుంటే అనుభవమున్న పిల్లల డాక్టరు మధ్యలో ఒక మాట అడుగుతారు: "పుట్టాక మొదటి నల్ల విరేచనం ఎప్పుడైందమ్మా? ఆ రోజేనా, బాగా ఆలస్యమైందా?" ఇప్పటి బాధకీ నాలుగేళ్ళ కిందటి ఆ రోజుకీ ఏం సంబంధమని తల్లికి అనిపించవచ్చు. ఆ ప్రశ్న వెనక ఎన్నో దశాబ్దాల పనితనం ఉంది. నెలలు నిండి ఆరోగ్యంగా పుట్టిన బిడ్డల్లో దాదాపు అందరికీ 48 గంటల్లోపు ఆ జిగురు మలం పోతుంది. పోలేదంటే పేగు చివర నరాల కణాలు లేవేమోనని అనుమానించాలి. సుమారు 5000 మంది బిడ్డల్లో ఒకరికి వచ్చే ఆ లోపాన్ని హిర్ష్‌స్ప్రుంగ్ వ్యాధి అంటారు. దాన్ని వైద్యులు పట్టుకున్న తీరు ఎన్నిసార్లు చదివినా నాకు తనివి తీరదు.

మొండి మలబద్ధకానికి కారణం వెతకడంలో అసలు నేర్పు, కంటిని లాగే చోటు నుంచి చూపు మళ్ళించుకోవడంలో ఉందని నా నమ్మకం. ఆ మళ్ళింపు ఎంత కష్టమో ఈ వ్యాధి కథే చెబుతుంది.

కోపెన్‌హాగెన్ పిల్లల వైద్యుడు హరాల్డ్ హిర్ష్‌స్ప్రుంగ్ 1886లో బెర్లిన్‌లో జరిగిన వైద్యుల సభలో ఇద్దరు పసిబిడ్డల సంగతి చెప్పాడు. ఇద్దరూ పుట్టినప్పటి నుంచి మలబద్ధకంతో బాధపడి చనిపోయినవాళ్ళే. కోసి చూస్తే పెద్దపేగు విపరీతంగా ఉబ్బి, గోడలు మందంగా ఉన్నాయి. అంత భయంకరంగా మారిన పేగును చూశాక జబ్బు అక్కడే ఉందనుకోవడం సహజం. ఆయనా అలాగే అనుకున్నాడు, ఆయన తర్వాత అరవై ఏళ్ళపాటు దాదాపు అందరూ అలాగే అనుకున్నారు. శస్త్రవైద్యులు ఉబ్బిన భాగాన్ని కోసి తీసేసేవారు. కొన్నాళ్ళు బాగుండి బిడ్డ మళ్ళీ మొదటికొచ్చేది. టిట్టెల్ అనే వైద్యుడు 1901లోనే పేగు చివరి భాగంలో నరాల కణాలు సరిగా లేవని రాసినా, ఆ రాతను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో శస్త్రవైద్యుడు ఓర్వర్ స్వెన్సన్ 1940లలో చేసిన పని ఇక్కడే నన్ను కట్టిపడేస్తుంది. ప్రాణం మీదికి వచ్చిన బిడ్డలకు పొట్టమీద దారి చేసి మలం అటు పోయేలా చేస్తే వాళ్ళు కోలుకున్నారు, తిన్నారు, బరువు పెరిగారు. ఆ దారి మూసేస్తే పాత బాధ తిరిగొచ్చింది. చాలామంది ఇంతవరకూ చూసినవాళ్ళే. స్వెన్సన్ ఇంకో అడుగు వేశాడు. పై పేగు ఇంత చక్కగా పనిచేస్తుంటే, జబ్బు పేగని మనం పేరు పెట్టింది నిజానికి బాగున్న పేగే కదా? పేగులో చిన్న బెలూన్లు పెట్టి కదలికలను నమోదు చేయిస్తే, మలాన్ని ముందుకు నెట్టే అలలు ఉబ్బిన భాగమంతా దిగి వచ్చి, మలాశయం దగ్గర సన్నగా, మామూలుగా కనిపించే ముక్కలోకి దిగకుండా ఆగిపోతున్నాయి. ఏళ్ళ తరబడి ఆ అడ్డంకిని దాటించడానికి శ్రమపడే పై పేగు ఉబ్బి, మందమైంది.

అప్పుడు ఎక్స్‌రే నిపుణుడు ఎడ్వర్డ్ న్యూహౌజర్‌తో కలిసి, ఎక్స్‌రేలో పేగు కనపడేలా బేరియం ద్రవం పోసి చేసే పరీక్ష పద్ధతినే మార్చారు. అంతకు ముందు పేగు నిండా బేరియం పోసేవారు, ఉబ్బిన భాగం నిండితే చివరి సన్నని ముక్క దాని వెనక దాగిపోయేది. వీళ్ళు కొద్దిగానే పోసి, పక్కనుంచి చూసి, సన్నని పేగు ఒక్కసారిగా వెడల్పయ్యే చోట ఆగారు. ఏదీ పెద్దగా చూపించకుండా ఉండటంలో ఎంత తెలివి ఉందో! 1948లో స్వెన్సన్, అలెగ్జాండర్ బిల్ తమ శస్త్రచికిత్సను ప్రకటించారు. పైకి బాగున్నట్టు కనిపించే సన్నని ముక్క తీసేసి, మలద్వారాన్ని బిగించే కండరాలు చెడకుండా పై పేగును కిందికి దించి కలపడం ఆ పద్ధతి. తీసిన ముక్కను సూక్ష్మదర్శిని కింద చూస్తే నరాల కణాలు లేవు.

గర్భంలో ఆ కణాలు గొంతు వైపు నుంచి పేగు పొడవునా కిందికి వలస వెళ్తాయి. కాలవ నీళ్ళు పై పొలాలకు పారి చివరి ఆయకట్టుకు అందనట్టు, మధ్యలో ఆగిన వలస వల్ల కొరత ఎప్పుడూ కింది కొసన మొదలై పైకి పోతుంది. పరీక్షకు ముక్క ఎక్కడ తీయాలో నిర్ణయించేది ఈ క్రమమే.

మొదట్లో ముక్క తీయడానికి బిడ్డకు మత్తిచ్చి, గోడ మందమంతా కోయాల్సి వచ్చేది. మెల్బోర్న్‌లో పనిచేసిన హెలెన్ నోబ్లెట్ 1969లో ఒక సన్నని గొట్టం తయారుచేసింది. కొస మొద్దుగా ఉంటుంది, పక్కన చిన్న రంధ్రం. గాలి పీలిస్తే లోపలి పొర ఆ రంధ్రంలోకి లాగబడుతుంది, లోపలి కత్తి జరిగి దాన్ని తెంపుతుంది. ముక్క కొద్ది మిల్లీమీటర్లే. మలద్వారం లోపలి గీతకు పైన నొప్పి తెలియదు కాబట్టి మత్తు అక్కర్లేదు, పసిబిడ్డకు మంచం దగ్గరే చేయొచ్చు. ఆ గీతకు ఆనుకొని ఉన్న కొద్ది మేర ఆరోగ్యవంతుల్లోనూ కణాలు పలుచగా ఉంటాయి, అందుకే రెండు మూడు సెంటీమీటర్లు పైకి వెళ్ళి తీయాలి. పొర పైపైన తెగితే కణాలుండే లోతు రాదు, ఎక్కువ తెగితే పేగుకు చిల్లు. ఆ చిన్న రంధ్రం కొలతలో ఎంత ఆలోచన దాగిందో చూడండి.

ముక్క చేతికొచ్చాక పని ల్యాబ్‌ది. ఉన్నదాన్ని చూపించడం తేలిక, లేదని చెప్పడానికి ముక్కను వరసగా పలుచని పొరలుగా కోసి, ఒక్కొక్కటీ చూసి, ఎక్కడా కణం కనపడలేదని ధీమాగా సంతకం పెట్టాలి. బాసెల్‌లో మేయర్-రూగె అనే పరిశోధకుడు 1970ల మొదట్లో ఈ చిక్కును అందంగా తిప్పేశాడు. కణాలు లేనిచోట ఒక రకం నరాల పోగులు బలిసిపోతాయి. వాటికి మాత్రమే అంటే రంగు వేస్తే లేమి బదులు ఉన్నదొకటి కంటికి కనిపిస్తుంది.

ఇంత చెప్పాక ఒక సంగతి మరవకూడదు. మొండి మలబద్ధకంతో వచ్చే పిల్లల్లో నూటికి తొంభై అయిదు మందికి ఇలాంటి లోపమేదీ ఉండదు. వాళ్ళ విషయంలో నేర్పు ఇంకా కనపడకుండా పనిచేస్తుంది.

"పాపం ఎంత ముక్కినా రావడం లేదండి" అంటుంది తల్లి. మంచి డాక్టరు వెంటనే అడుగుతారు: "ముక్కేటప్పుడు ఎలా నిలబడతాడో చూపించండమ్మా." వాడు మునివేళ్ళ మీద నిలబడి, కాళ్ళు దగ్గరకు బిగించి, సోఫా వెనక నక్కి, మొహం ఎర్రబడేలా ఒళ్ళు బిగపట్టుకుంటాడు. తల్లికి బయటికి తోయడంలా కనిపించేది నిజానికి లోపలే ఆపుకోవడం. ఒకసారి గట్టి మలం పోతూ చీలిక పడింది, నొప్పి గుర్తుండిపోయింది, ఆపుకున్న కొద్దీ మలాశయం నీటిని పీల్చేస్తుంది, మలం మరీ గట్టిపడుతుంది. తల్లిపాలు మాన్పించి గేదె పాలు ఎక్కువగా పట్టినప్పుడో, తొందరపడి కూర్చోవడం అలవాటు చేసినప్పుడో, బడిలో శుభ్రంగా లేని దొడ్డికి పోవడం ఇష్టంలేకనో ఈ చక్రం మొదలవుతుంది.

చాలాకాలం ఆపుకున్న పిల్లవాడి మలాశయంలో పెద్ద ఉండ నిలిచిపోతే, దాని చుట్టూ పలచటి మలం తెలియకుండా కారి నిక్కరు తడుస్తుంది. ఇంట్లో దాన్ని విరేచనాలనుకుంటారు, విరేచనాలు ఆపే మందూ వేస్తారు, జబ్బు రెట్టింపవుతుంది. బడిలో తిట్లు తింటాడు. ఆ తడి గురించి విన్నప్పుడు పొట్ట తడిమి చూసి, ఎడమ కింది భాగంలో గట్టి ఉండలు తగిలాయని గ్రహించే వేళ్ళంటే నాకు గౌరవం. పిల్లవాడు కావాలని చేయడం లేదని చెప్పే డాక్టరు ఆ ఇంటికి చేసిన ఉపకారం చిన్నదికాదు.

పేగుల పనితీరు లోపాలను గుర్తించడానికి 2016లో వచ్చిన రోమ్ నాలుగో ప్రమాణాలు ఈ గమనింపునే సూత్రాలుగా మార్చాయి: వారానికి రెండుసార్లకు మించకపోవడం, ఆపుకునే భంగిమ, నొప్పి, మలాశయంలో పెద్ద ముద్ద, దొడ్డి మూసుకుపోయేంత పెద్ద మలం, తెలియకుండా కారడం. వీటిలో కనీసం రెండు నెలపాటు ఉండి, వేరే జబ్బు కారణమని తేలకపోతే చాలు. ఎక్స్‌రే మీద ఆధారపడి ఈ రోగ నిర్ణయం చేయొద్దని 2014 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి. అడగాల్సినవి అడిగి, చూడాల్సినవి చూసినవాళ్ళకు ఎక్స్‌రే లేకుండా తేల్చడం సాహసం అనిపించదు.

ఆ చూడాల్సినవి ఎక్కువే. ఎదుగుదల పటంలో ఎత్తు గీత వంగిపోతే థైరాయిడ్ గుర్తు రావాలి. నడుం కింద గుంటో, వెంట్రుకల కుచ్చో, కాళ్ళ బలహీనతో ఉంటే వెన్నుపాము. మలద్వారం ముందుకు జరిగి ఉందేమో ఒక్క క్షణం చూస్తే తెలుస్తుంది. మూర్ఛ మందులు వాడుతున్నాడా అని అడగడానికి అర నిమిషం పట్టదు. చంటిబిడ్డకు ఆముదంలో ముంచిన తమలపాకు కాడ పెడితేనే, దాంతో ఒక్కసారిగా గాలితో సహా ఎగజిమ్ముతుందని అమ్మమ్మ చెబితే, ఆ మాట అలవాటు గురించి కాదు. కింది పేగు తనంతట పనిచేయడం లేదేమోనని చెప్పే గట్టి ఆధారం అది, పొట్ట ఉబ్బి, పసరు వాంతులూ ఉంటే ముక్క పరీక్ష ఆలస్యం చేయకూడదు. తల్లిపాలే తాగే బిడ్డ వారం రోజులు వెళ్ళకపోయినా, వెళ్ళినప్పుడు మెత్తగా పోయి, బరువు పెరుగుతుంటే మాత్రం ఆందోళన అక్కర్లేదు. రెండింటినీ వేరు చేయడమే ఇక్కడ పని.

ఆఖరికి మందు కూడా పరీక్షలో భాగమే. నిలిచిన మలాన్ని ముందు పూర్తిగా ఖాళీ చేయించి, మలాన్ని మెత్తబరిచే మందు సరైన మోతాదులో నెలల తరబడి ఇవ్వాలి. ఎక్కువమంది పిల్లల్లో నొప్పి పోతే భయం పోతుంది. సరిగా ఇచ్చినా మార్పు రాకపోతే, డాక్టరు పాత చీటీని పక్కనపెట్టి పుట్టిన రోజు దగ్గరి నుంచి అడగడం మళ్ళీ మొదలుపెడతారు, థైరాయిడ్‌కీ, గోధుమ పడని సీలియాక్ జబ్బుకీ పరీక్షలు రాస్తారు, అవసరమైతే ముక్క తీయిస్తారు.