‘శకుంతలా పత్రలేఖనం’: అభ్యంతరం భంగిమ మీదనా, చూపు మీదనా?

రాజా రవివర్మ గీసిన ‘శకుంతలా పత్రలేఖనం’ 1876లో మద్రాసులో ప్రదర్శితమైంది. నాటి మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు దాన్ని కొనుగోలు చేశాడు. మోనియర్ విలియమ్స్ శాకుంతల ఆంగ్లానువాదానికి ముఖచిత్రం కావడంతో అది పాశ్చాత్య పాఠకులకూ పరిచయమైంది. 1890ల మధ్య బొంబాయిలో ముద్రణాలయం వెలిసిన తరువాత రవివర్మ చిత్రాలు చవక అచ్చులుగా సామాన్యుల గోడలెక్కాయి. వివాదం పుట్టింది రాజప్రాసాదాల్లోని తైలవర్ణ చిత్రం గురించి కాదు, ఇంటింటి పటం గురించి.

1907లో ‘మోడరన్ రివ్యూ’లో జాతీయతా నిర్మాణంలో కళ పాత్రను చర్చిస్తూ సోదరి నివేదిత ఈ చిత్రాన్ని తీవ్రంగా నిరసించింది. స్త్రీ నేలమీద బారుగా పడుకోవడం మర్యాద కాదని భావించే దేశంలో, అలా పడుకుని తామరాకు మీద ఉత్తరం రాస్తున్న లావుపాటి యువతి బొమ్మ ప్రతి ఇంటా ఉండటమేమిటని ఆమె ఆక్షేపణ. నిజజీవితంలో సభ్యతకు విరుద్ధమైనది ఊహలో మాత్రం ఎలా సుందరమవుతుందని ఆమె ప్రశ్న. రవివర్మ 1906 అక్టోబరులోనే మరణించాడు. సమాధానం చెప్పుకునే అవకాశం ఆయనకు లేకపోయింది. లావుతనం ప్రస్తావన కళావిమర్శలోకి ఎందుకు వచ్చిందో మాత్రం ఆ వ్యాసాన్ని ఎంత సానుభూతితో చదివినా బోధపడదు.

ఆ భంగిమ చిత్రకారుని కల్పన కాదు. నాటకం మూడో అంకంలో శకుంతల పూలు పరచిన రాతిపలక మీద పడుకునే ఉంటుంది. ఇద్దరు చెలికత్తెలూ పక్కనే ఉంటారు. తామరాకు మీద గోటితో రాయమన్న సలహా ప్రియంవదది. కాళిదాసును గౌరవిస్తూ రవివర్మను మాత్రమే తప్పుపట్టడం అందువల్ల పొసగదు. అయితే చిత్రకారుడు ఒక మార్పు చేశాడు, నివేదిత దాన్ని గుర్తించలేదు. నాటకంలో దుష్యంతుడు పొదచాటున నిలిచి ఆ దృశ్యాన్ని చూస్తుంటాడు. ప్రేక్షకుడు శకుంతలతో పాటు ఆ చాటుచూపును కూడా చూస్తాడు, రాజు మాటలు వింటాడు, అతని ఆత్రానికి నవ్వుకుంటాడు. పటంలో రాజు లేడు. అతని స్థానంలో పటం ఎదుట నిలిచినవాడే ఉన్నాడు. ఇబ్బంది శకుంతల పడుకోవడంలో లేదు. చూసేవాడిని ఎవరూ చూడకపోవడంలో ఉంది.

ఈ తేడా ఉత్తరాంధ్ర పాఠకునికి కొత్త కాదు. నేటి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు నాడు అదే మద్రాసు రాజధానిలోని గంజాం, విశాఖపట్టణం జిల్లాల్లో భాగాలు. విజయనగరంలో 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1897లో ఆనంద గజపతికి అంకితంగా అచ్చయిన ‘కన్యాశుల్కం’ నాటకాన్ని గురజాడ 1909లో విస్తరించి ప్రచురించాడు. అంటే నివేదిత వ్యాసం వెలువడిన రెండేళ్లకే. ఆ విస్తరణలో మధురవాణి పాత్ర బాగా పెరిగింది. వేశ్యను రంగం మధ్య నిలబెట్టడం నాటి సభ్యతకు శకుంతల పడకకన్నా పెద్ద సవాలు. కానీ మధురవాణి తనను చూసేవారిని తిరిగి చూస్తుంది, వారిని తూకం వేస్తుంది. గురజాడ ‘మర్యాద’ ప్రశ్నను దాటవేయలేదు, దాని దిశను మార్చాడు.

నివేదిత సమర్థించిన బెంగాల్ చిత్రకళా మార్గం విజయనగరానికి కూడా చేరింది, కాస్త చుట్టుతిరిగి. అవనీంద్రనాథ్ ఠాగూర్ శిష్యుడైన దేవీప్రసాద్ రాయ్ చౌధురి 1929లో మద్రాసు కళాశాల ప్రధానాచార్యుడయ్యాడు. బొబ్బిలిలో పుట్టిన అంత్యాకుల పైడిరాజు ఆయన వద్ద నేర్చుకుని, విజయనగరంలో చిత్రకళాపాఠశాల నడిపాడు. రవివర్మ నూనెరంగుల నునుపు ఆయనలో కనిపించదు, రేఖ ప్రధానం. వస్తువు మాత్రం మళ్లీ స్త్రీయే, అయితే పురాణ నాయిక కాదు, ఈ ప్రాంతపు పల్లెటూరి స్త్రీ. శైలీపరంగా రవివర్మకు ఎదురు నిలిచిన పరంపరలోనివాడైనా, పైడిరాజును ఆ తగవులో ఒక పక్షానికి చెందినవాడిగా మాత్రమే చదవడం సరిపోదు. ఆయన స్త్రీలను ఎవరు, ఎక్కడ నిలబడి చూస్తున్నారన్న ప్రశ్నను ‘పత్రలేఖనం’ ముందు అడిగినట్లే అడగవలసి ఉంది.