పులుసు పక్కన గ్లాసు

చింతపండు, కారం, మెంతిపొడి కలిసినచోట ఏ వైన్ రుచీ నిలవదని మనలో చాలామందికి గట్టి నమ్మకం. చేపల పులుసు వండిన రోజు వైన్ తీస్తానంటే మా బంధువులు ఇప్పటికీ ఆశ్చర్యపోతారు. నాకు మాత్రం చవకలో దొరికే తెల్ల వైన్‌కి మన పుల్లని కూరలకన్నా మంచి తోడు కనబడలేదు.

చింతపండు పులుపులో ముఖ్యమైనది టార్టారిక్ ఆమ్లం. ద్రాక్షలో ఉండేదీ ప్రధానంగా అదే. ఫ్రిజ్‌లో ఎక్కువ రోజులున్న సీసా అడుగున ఒక్కోసారి పటికబెల్లం రవ్వలాంటి పలుకులు కనబడతాయి. అవి ఆ ఆమ్లపు లవణమే, గాజుపెంకులు కావు, కంగారుపడి పారబోయక్కర్లేదు. కూర పుల్లగా ఉంటే పక్కనున్న వైన్‌లో పులుపు నాలుకకి తగ్గినట్టు తోస్తుంది. అందుకే అసలే పులుపు తక్కువున్న వైన్ పులుసు ముందు చప్పబడిపోతుంది, పులుపున్నది నిలబడి కూరకి సమాధానం చెబుతుంది. గోంగూర మాంసం, చింతచిగురు రొయ్యలు, మామిడికాయ పప్పు, పులిహోర అన్నిటికీ ఇదే లెక్క.

మా ఇంట్లో ఈ పని చేసేది నాసిక్ షెనిన్ బ్లాంక్. ఆ ద్రాక్ష పుట్టిల్లు ఫ్రాన్స్‌లోని లోయిర్ నది లోయ. రాజీవ్ సామంత్ అమెరికాలో ఉద్యోగం వదిలి నాసిక్‌లోని సొంత పొలానికి వచ్చి పెట్టిన సూలా సంస్థ 2000లో తొలి వైన్లు విడుదల చేసింది. అక్కడి తీగకి యూరప్ తీగలా మంచు కింద నిద్ర ఉండదు. ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు: ఎండాకాలంలో ఒకసారి, వానలు వెనకబట్టాక సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇంకోసారి. కోత జనవరి నుంచి మార్చి దాకా. మనకి సంక్రాంతి వంటలు సాగే రోజుల్లో అక్కడ పళ్లు కోతకొస్తుంటాయన్నమాట. దిగుమతి సీసా మీద కస్టమ్స్ సుంకమే ఏళ్ల తరబడి 150 శాతం ఉంటూ వచ్చింది కాబట్టి, అదే డబ్బుకి మన దేశంలో తీసిన వైన్‌లోనే ఎక్కువ రుచి దొరుకుతుందని నా అభిప్రాయం.

కారం సంగతి వేరు. మిరపకాయ రేపిన మంటని ఆల్కహాల్ ఇంకా ఎగదోస్తుంది. ఎర్ర వైన్‌లో ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి దిగే వగరు నోటిని ఎండబెడుతుంది. గుంటూరు కారం దట్టించిన కోడివేపుడు పక్కన 14 శాతం ఆల్కహాల్ ఉన్న చిక్కటి ఎర్ర వైన్ పెడితే మిగిలేది మంట, చేదు. రవంత తీపి ఉండి బాగా చల్లబడిన తెల్ల వైన్ అదే మంటని దించుతుంది. నాసిక్ షెనిన్‌లలో చాలావాటికి ఆ రవంత తీపి ఉంది. ఫ్రిజ్‌లో మూడు గంటలు పెట్టి, తినే ముందే బయటికి తియ్యండి.

ఎర్ర వైన్‌కీ మన వంటలో చోటుంది. కారం తగ్గించి మిరియాలతో చేసిన వేటమాంసం వేపుడు, అందులో కాస్త కొవ్వు ఉంటే మరీ మంచిది, ఆ వగరుని మెత్తబరుస్తుంది. నంది కొండల దగ్గర గ్రోవర్ వాళ్లు తీసే ఎర్ర వైన్లు నాకిష్టం. ఎర్ర వైన్‌ని గది ఉష్ణోగ్రతలోనే తాగాలన్న మాట చలిదేశపు ఇళ్లకి సరిపోతుంది. దానికి కావలసింది 16 నుంచి 18 డిగ్రీలు. హైదరాబాద్ మే నెలలో ఏ గదీ అలా ఉండదు, అరగంట ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే. ఆవకాయ జోలికి మాత్రం వెళ్లను. పచ్చి ఆవపిండి, ఉప్పు, కారం ఒక్కసారిగా మీద పడితే ఏ వైనూ తట్టుకోలేదు.

ఇంతకీ నాకు వైన్ మీద ప్రేమ కలగడానికి అసలు కారణం రుచి కాదు. మన ఇళ్లలో మందంటే మగవాళ్లు ఒక గదిలో, పల్లీలూ ఉల్లిపాయ ముక్కలూ మంచింగ్, భోజనం ఏ పదకొండుకో చల్లారిపోయాక. వండినవాళ్లు వంటింట్లో ఎదురుచూస్తూ ఉంటారు. వైన్ అన్నంతోపాటే వస్తుంది. వేడన్నం వడ్డించాకే మూత తీస్తాం. వండిన మా ఆవిడ, మా అక్కయ్య, బావగారు, పక్కింటి దంపతులు, అందరం ఒకే బల్ల చుట్టూ, ఒకే సమయంలో. 750 మిల్లీలీటర్ల సీసా తలా 150 చొప్పున ఐదుగురికి సరిగ్గా సరిపోతుంది. కారు నడపాల్సిన బావగారికీ, తాగని వాళ్లకీ అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగ అవే గ్లాసుల్లో పోస్తాం. పులుసులో మెంతులు ఎక్కువయ్యాయా, చేప ఏ బజారుది అన్న మాటలు నడుస్తాయి. ఎవరి గొంతూ పెరగదు, ఎవరూ తూలరు. వండినవాళ్లు వేడిగా తినే భోజనం మా ఇంట్లో ఇలాగే మొదలైంది. ఆ ఒక్క మార్పు కోసమైనా ప్రతి ఇల్లూ ఇది చేసి చూడాలని మనసారా అంటాను.

సీసాలో మిగిలితే మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి, రెండు మూడు రోజులు బాగుంటుంది. చేపల పులుసు ఎలాగూ మర్నాడే ఇంకా బాగుంటుంది కాబట్టి, ఆదివారం రాలేకపోయిన వాళ్లని సోమవారం రాత్రికి పిలవండి.