వదిలేసినవాటి లెక్క

పోయిన వారం గచ్చిబౌలి నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తున్నాడు. "అన్నా, రిస్క్ షీట్ నింపమన్నారు, నింపాం. అన్నీ 'హై' వచ్చాయి. ఇప్పుడేం చెయ్యాలి?"

ఆ షీట్ నేను చూడలేదు గానీ ఎలా ఉంటుందో తెలుసు. పైనుంచి కిందిదాకా ఎరుపే. డబ్బులు కట్టే పేజీ హై. పాస్‌వర్డ్ మార్చుకునే పేజీ హై. 'మా గురించి' పేజీలో యజమాని ఫొటో కూడా హై. ఆయన రోజూ చూసుకుంటాడు మరి! ప్రమాదం ఎక్కువున్నవి ముందు పరీక్షించే రిస్క్ బేస్డ్ టెస్టింగ్ చేస్తున్నామని క్లయింటుకు చెప్పుకోవడానికి షీట్ ఉంది. ఏది ముందు పరీక్షించాలో మాత్రం ఆ షీట్ చెప్పదు.

ఎందుకిలా అవుతుందో పెద్దగా ఆలోచించక్కర్లేదు. 'హై' అని రాసినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. 'లో' అని రాసిన చోట రేపు ఏదైనా పేలితే, ఆ వరుస నింపింది ఎవరని వెతుకుతారు. ఆ భయంతోనే అందరూ ఎర్ర రంగు వెనక దాక్కుంటారు.

రిస్క్ అంటే ప్రాబబిలిటీ ఇంటూ ఇంపాక్ట్ అని అమీర్‌పేట జిరాక్స్ నోట్సులో చదువుకుని ఇంటర్వ్యూల్లో అప్పజెప్పిన తరాలున్నాయి మనకు. నిర్వచనం సరైనదే. దానికి అంకెలు తొడగడమే నాకు గిట్టదని ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. ఒకాయన నోటికొచ్చినట్టు ప్రాబబిలిటీ 3 అంటాడు, ఇంకొకాయన ఇంపాక్ట్ 4 అంటాడు. రెంటినీ గుణిస్తే 12. అప్పటిదాకా ఊహగా ఉన్నది ఆ 12తో శాసనమైపోతుంది. ఉదాహరణకు, కెనడాలో తయారైన థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రానికి 1983లో భద్రతా విశ్లేషణ చేశారు. కంప్యూటర్ తప్పు ఎనర్జీని ఎంచుకునే అవకాశం పదివేల కోట్లలో ఒక వంతు అని అందులో రాశారు. ఆ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పలేదు. 1985, 1987 మధ్య ఆ యంత్రం కనీసం ఆరుగురికి మోతాదుకు ఎన్నో రెట్లు రేడియేషన్ ఇచ్చింది. కొందరు చనిపోయారు.

అంకెలు పక్కన పెడితే పద్ధతి మంచిదే, అవసరం కూడా. ఒక ఫారంలో పది గళ్లున్నాయి, ఒక్కో గడిలో పదేసి రకాల విలువలు వేయొచ్చు అనుకోండి. అన్ని కలయికలూ పరీక్షించాలంటే వెయ్యి కోట్ల పరీక్షలు. సెకనుకు ఒకటి చొప్పున రాత్రీపగలూ నడిపినా 300 ఏళ్లు పైనే పడుతుంది. కాబట్టి ప్రతి టెస్టరూ చాలావరకు వదిలేసేవాడే. కాకపోతే కొందరు ఎంచి వదిలేస్తారు, మిగతావాళ్లు టైం అయిపోయి వదిలేస్తారు.

పైగా మన ప్రాజెక్టుల సంగతి తెలిసిందే. కోడింగ్ రెండు వారాలు ఆలస్యమవుతుంది, రిలీజ్ తేదీ మాత్రం కదలదు. మధ్యలో నలిగేది టెస్టింగ్. స్క్రీన్ల క్రమంలో పరీక్షించుకుంటూ పోయేవాడిని బుధవారం నాడు ఆపమంటే, లాగిన్ పేజీని నలభై రకాలుగా పరీక్షించి, డబ్బు రెండుసార్లు కట్ అవుతుందేమోనన్నది చూడకుండానే ఆగిపోతాడు. ప్రమాదం ఎక్కువున్న చోట మొదలుపెట్టినవాడికి ఏ రోజు ఆపమన్నా ముఖ్యమైనవి అయిపోయి ఉంటాయి. పెద్ద బగ్గులు మొదటి వారంలోనే దొరుకుతాయి, డెవలపర్ వాటిని సరిచేసి మళ్లీ ఇచ్చే వ్యవధి ఉంటుంది. రిలీజ్ మీటింగ్‌లో 'ఎనభై శాతం అయింది సార్' అనే అర్థం లేని మాట చెప్పక్కర్లేదు. 'డబ్బు కట్టడం, రీఫండు బాగున్నాయి, పాత ఫోన్లలో రసీదు ప్రింటు మేం చూడలేదు' అని చెప్పొచ్చు. అది విని రిలీజ్‌కు వెళ్లాలో ఆగాలో వాళ్లు తేల్చుకుంటారు.

ఇక్కడితో ఆపేస్తే టెస్ట్ మేనేజర్లు కొందరైనా ఈ ముక్క కత్తిరించి గోడకు అంటించుకుంటారు. కానీ రాస్తూ ఉండగా ఏరియాన్ అడ్డొచ్చింది.

1996 జూన్ 4. ఫ్రెంచ్ గయానాలోని కూరూ. మన ఇన్‌శాట్‌లు కొన్ని ఎగిరింది అక్కణ్ణుంచే. యూరప్ వాళ్ల కొత్త రాకెట్ ఏరియాన్ 5 తొలిసారి లేచింది. నలభై సెకన్లు కూడా గడవకముందే, నాలుగు కిలోమీటర్ల ఎత్తయినా చేరకుండానే, పక్కకు తిరిగి విరిగి పేలిపోయింది. మోసుకెళ్తున్న నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలూ పోయాయి.

రాకెట్ ఎటు పోతోందో, ఎంత వేగంతో పోతోందో కనిపెట్టి చెప్పే యూనిట్లు అందులో రెండున్నాయి. ఒకటి పనిచేస్తుంటే రెండోది ఆసరా. వాటి సాఫ్ట్‌వేర్ ఏరియాన్ 4 నుంచి తెచ్చుకున్నది. అడ్డంగా సాగే వేగానికి సంబంధించిన ఒక విలువను 64 బిట్ల సంఖ్య నుంచి 16 బిట్ల సంఖ్యగా మార్చే చోట అది పట్టలేదు. ఆసరా యూనిట్ ముందు ఆగిపోయింది, సెకనులో పదో వంతు కూడా గడవకుండానే అసలుది కూడా ఆగింది. రెంటిలోనూ ఒకే సాఫ్ట్‌వేర్ మరి.

ఇంతవరకు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లలో చాలామందికి తెలిసిన కథే. నన్ను పట్టుకుని వదలనిది దీని వెనకది. అలా హద్దు దాటే ప్రమాదం ఉన్న విలువలు ఏడని రూపకర్తలు ముందే గుర్తించారు. కంప్యూటర్ మీద పని భారం 80 శాతం మించకూడదని నియమం ఉంది కాబట్టి ఏడింటికీ రక్షణ పెట్టలేదు, నాలుగింటికే పెట్టారు. మిగిలిన మూడూ హద్దు దాటే వీల్లేదని, లేదంటే హద్దుకు చాలా దూరంలో ఉంటాయని లెక్కేశారు. ఏరియాన్ 4కు ఆ లెక్క సరిపోయింది. ఏరియాన్ 5 మొదటి సెకన్లలో అడ్డంగా ఐదు రెట్లు త్వరగా వేగం పుంజుకుంటుంది. ఆ మూడింటిలో ఒకటి హద్దు దాటేసింది.

విచిత్రమేమిటంటే, ఆ లెక్క చేసే భాగానికి ఏరియాన్ 5 నేల విడిచాక పనే లేదు. కౌంట్‌డౌన్ చివరి సెకన్లలో ఆపాల్సి వస్తే మళ్లీ త్వరగా మొదలుపెట్టడానికి వీలుగా ఏరియాన్ 4లో దాన్ని ఎగిరాక కూడా కాసేపు నడవనిచ్చారు. ఆ వెసులుబాటు ఒకే ఒక్కసారి, 1989లో, అక్కరకొచ్చింది. ఇక పరీక్షలంటారా, రాకెట్ వ్యవస్థ మొత్తాన్ని నేల మీద పరీక్షించినప్పుడు ఆ యూనిట్ బదులు దాని నమూనా పెట్టారు. విడిగా పాసైంది కదా, మళ్లీ ఎందుకని. ప్రమాదం తర్వాత అసలు ప్రయాణపు డేటా ఇచ్చి నడిపితే ఆ వైఫల్యం ఉన్నదున్నట్టు మళ్లీ వచ్చింది.

చూశారా, ఇదంతా నేను పైన మెచ్చుకున్న పనే. రిస్క్ గుర్తించారు, ఎక్కువున్న చోట శ్రమ పెట్టారు, తక్కువున్న చోట వదిలేశారు. రక్షణ పెట్టిన నాలుగూ భేషుగ్గా ఉన్నాయి. రాకెట్‌ను కూల్చింది 'లో' అని రాసుకున్న వరుస.

ప్రమాదం మీద జాక్ లూయీ లియోన్స్ అధ్యక్షతన వేసిన విచారణ బోర్డు ఒక మాట రాసింది. రక్షణ పెట్టకూడదన్న నిర్ణయం పలు స్థాయిల్లో అందరూ కలిసి తీసుకున్నదే, కానీ దాని కారణం కోడ్‌లో ఎక్కడా లేదట. ఎవరూ కావాలని దాచలేదు, కుప్పలుగా ఉన్న కాగితాల్లో అది కనపడకుండా పోయింది. 'ఏరియాన్ 4 ప్రయాణ మార్గం ప్రకారం ఈ విలువ హద్దు దాటదు' అన్న ఒక్క వాక్యం ఆ లైను పక్కన ఉంటే, ఏరియాన్ 5 మీద పనిచేసే ఇంజనీరెవరైనా ఆ 4 దగ్గర కళ్లు ఆపేవాడేమో.

అందుకే ఆ కుర్రాడికి హైలను హైలుగానే ఉంచెయ్యమన్నాను. వాటిని తగ్గించమని పోట్లాడితే ఏ రంగు వెయ్యాలనే దాని మీదే నెల గడిచిపోతుంది. షీట్ పక్కన పెట్టి, ఈ రిలీజ్‌లో పరీక్షించబోనివన్నీ వేరే రాయమన్నాను. రాసినవాళ్ల పేర్లు అక్కర్లేదు, కారణాలు చాలు. 'రాత్రి నడిచే ఈ జాబ్‌కు వెయ్యి రికార్డులు మించవు, అందుకే లోడ్ టెస్ట్ చెయ్యలేదు' అని. రెండేళ్లకు కంపెనీ ఇంకో కంపెనీని కొని రికార్డులు లక్ష అయితే, ఆ వాక్యం అబద్ధమైందని అప్పుడే చేరిన ఫ్రెషర్‌కు కూడా తెలుస్తుంది. 'లో' అన్న ఒక్క అక్షరం చూస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ఈ పద్ధతి వల్ల ముఖ్యమైనవి ముందే అయిపోతాయని కదా మొదట చెబుతూ వచ్చాను. అది నిజమే గానీ, ఈ వాక్యాల ముందు అది చిన్న లాభం.

టెస్టింగ్‌లో కాగితాలు తగ్గించండని ఇన్నాళ్లూ ఈ కాలమ్‌లో పోరు పెట్టిన నేనే ఇప్పుడు ఇంకో కాగితం రాయమంటున్నాను. ఉన్నవాటిలో రెండు తీసేసి దీనికి చోటివ్వండి. షేర్డ్ డ్రైవ్‌లో మూడు ఫోల్డర్ల లోపల పెట్టకండి, కోడ్ పక్కనే ఉంచండి.