పొగమంచు పడితే ఒక శవం

థేమ్స్ మీద పొగమంచు దిగిందంటే డబ్బున్న ముసలాయన ఒకడు నీళ్లలో తేలాడన్నమాటే. పొగలో దారి కానక పడిపోయాడు పాపం అని అందరూ సరిపెట్టుకుంటారు. స్కాట్లాండ్ యార్డ్ ఇన్‌స్పెక్టర్ లారీ హోల్ట్ ఒక్కడే సరిపెట్టుకోడు. పోయినవాళ్లకు ఇన్సూరెన్స్ ఉంది. ఒక శవం దగ్గర బ్రెయిలీ చుక్కలున్న కాగితం ముక్క దొరికింది. ఆ చుక్కలు ఒక అంధుల ఆశ్రమం వైపు చూపిస్తున్నాయి. ఆశ్రమం చుట్టూ చీకట్లో, చేతుల నిండా వెంట్రుకలతో, చూపులేని కొండంత మనిషి ఒకడు తిరుగుతున్నాడు.

1961లో వచ్చిన ఈ సినిమా పేరు ‘డీ టోటెన్ ఆవ్‌గెన్ ఫాన్ లండన్’. మన సౌకర్యం కోసం ‘లండన్ మృతనేత్రాలు’ అనుకుందాం. ఈ లండన్‌లో అందరూ సర్‌లూ, మిస్‌లూ, ఇన్‌స్పెక్టర్లే. మాట్లాడేది మాత్రం నికార్సైన జర్మన్. నది ఒడ్డు హాంబర్గ్‌ది. మధ్యలో ఇది లండనేనని గుర్తుచేయడానికి అసలు ఊరి షాట్లు కొన్ని అతికించారు. అతుకు కనబడుతూనే ఉంటుంది. పొగ వదిలే మనిషి మాత్రం పిసినారితనం చేయలేదు.

శనివారం రాత్రి భోజనాలయ్యాక ఇలాంటివి పెట్టుకుని కూర్చోవడం నాకు కొన్నేళ్లుగా అలవాటు. గొప్ప సినిమాలు చూడ్డానికి వారంలో మిగతా రోజులున్నాయి. శనివారం రాత్రి మాత్రం రహస్య ద్వారాలు, వీలునామాలు, ముసుగు మనుషులు, కిటికీలోంచి చొచ్చుకొచ్చే చెయ్యి కావాలి. నాలాంటివాళ్లకు పశ్చిమ జర్మనీ 1959 నుంచి 1972 దాకా చేసిన మేలు ఇంతా అంతా కాదు. రియాల్టో అనే ఒక్క కంపెనీయే ఎడ్గార్ వాలెస్ పేరు మీద 32 సినిమాలు తీసింది.

వాలెస్ జర్మన్ కాదు. 1875లో లండన్ పక్కన గ్రీనిచ్‌లో పుట్టాడు. 170కి పైగా నవలలు రాశాడు, నాటకాలు రాశాడు. చివరికి ‘కింగ్ కాంగ్’ కథ మీద పనిచేస్తూ 1932లో అమెరికాలో పోయాడు. సొంత దేశం ఆయన్ని మెల్లగా మరిచిపోయింది. జర్మన్లు మరవలేదు. గోల్డ్‌మన్ ప్రచురణ సంస్థ వేసిన చౌక పుస్తకాలు అక్కడ ఇంటింటా ఉండేవి. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ నవలలు అద్దెకు తెచ్చుకుని, పక్కింటివాళ్లు అడిగేలోగా రాత్రికి రాత్రే చదివేసిన తరం మనకూ ఉంది కదా, ఆ ఆకలే అదీ. డెన్మార్క్‌కు చెందిన నిర్మాత ప్రెబెన్ ఫిలిప్సెన్‌కి ఆ ఆకలి తెలుసు. 1959లో హరాల్డ్ రైన్ల్ దర్శకత్వంలో ‘ముసుగు కప్ప’ సినిమా తీశాడు. ‘డెర్ ఫ్రోష్ మిట్ డెర్ మాస్కె’ దాని పేరు. కప్ప గుడ్లలాంటి కళ్లద్దాలున్న ముసుగు వేసుకుని ఒక దొంగల నాయకుడు లండన్‌ని గడగడలాడిస్తాడు. ఆ లండన్ చాలావరకు కోపెన్‌హాగన్‌లో ఉంది. జనం విరగబడి చూశారు. ఇక ఆగలేదు.

కొన్నాళ్లకు వీటికి ఒక ఆనవాయితీ ఏర్పడింది. తెర మీద తుపాకీ పేలుతుంది. హలో, మాట్లాడుతున్నది ఎడ్గార్ వాలెస్ అని ఒక గొంతు పలకరిస్తుంది. అప్పటికి ఆయన పోయి ముప్పై ఏళ్లు! సినిమా నలుపు తెలుపే అయినా పేర్లు మాత్రం నెత్తుటి ఎరుపులో పడతాయి. ఆ గొంతు దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ ఫోరర్‌ది.

ఫోరర్ గురించి కాస్త నిదానంగా చెప్పాలి. ఈ 32లో 14 ఆయన తీసినవే. యుద్ధంలో ఒక చెయ్యి పోగొట్టుకున్నాడు. దర్శకుడు కాకముందు డబ్బింగ్ పనిలో ఆరితేరాడు. పరాయి దేశపు పెదాలకు జర్మన్ మాటలు అమర్చే పని అది. జర్మన్ నోళ్లతో లండన్ కథ చెప్పడానికి ఇంతకంటే తగిన శిక్షణ ఉంటుందా? ఆయన పనితనం ఎలాంటిదో తెలియాలంటే ‘మృతనేత్రాలు’లో ఒక్క షాట్ చాలు. ఒక ముసలాయన పళ్లు శుభ్రం చేసుకుంటున్నాడు. మామూలు దర్శకుడైతే అద్దం ముందు నిలబెట్టి తీస్తాడు, లేదా అసలు తీయడు. ఫోరర్ కెమెరాని ఆయన నోట్లో పెట్టాడు. అంటే మనం నాలుక మీద కూర్చుని, పళ్ల వెనకనుంచి బయటికి చూస్తాం. పెద్ద పెద్ద పళ్ల వరస, వాటి అవతల ముసలాయన చెయ్యి, లోపలికి దూసుకొచ్చే నీటి ధార. కథకు ఈ షాట్‌తో ఏ పనీ లేదు. హత్యకు ఆధారమూ కాదు. కానీ అంత పెద్ద నోరు ఎవరో తయారు చేశారు. పళ్లు ఎవరో చెక్కారు. వెలుతురు పళ్ల సందుల్లోంచి పడేలా ఎవరో దీపాలు సర్దారు. రెండు క్షణాల తమాషా కోసం ఇంతమంది ముఖం చిట్లించకుండా పనిచేశారు. నాకు ఈ సినిమాల మీద మోజు అక్కడ పుట్టింది.

ఇక నటులు. ఇన్‌స్పెక్టర్‌గా యోహిమ్ ఫుక్స్‌బెర్గర్ చొక్కా నలగకుండా నేరం పట్టుకుంటాడు. క్లౌస్ కిన్‌స్కీ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని తలుపు పక్కన నిలబడతాడు. అంతే, ఇంకేం చేయనక్కర్లేదు. ఆయన తెర మీదికి రాగానే హంతకుడు వీడే అనిపిస్తుంది. అనిపించింది కాబట్టే చాలాసార్లు కాడు. ఆయన్ని చూపించి మన చూపు పక్కకు తిప్పుతారు. ఒక్కోసారి పని అయిపోగానే చంపేస్తారు కూడా. చూపులేని ఆ కొండమనిషి వేషం వేసిన ఆడీ బెర్బర్ నిజంగానే మల్లయోధుడు. నవ్వించే బాధ్యత ఎడ్డీ ఆరెంట్‌ది. ఇందులో ఆయన పోలీసు. శవాల మధ్య కూర్చుని ఊలు అల్లుకుంటూ ఉంటాడు. ఈ సిరీస్‌లో 23 సినిమాల్లో ఉన్నాడు. ఆయన లేకపోతే జనం టికెట్ డబ్బులు వెనక్కి అడిగేవారేమో!

సరే, ఏడేళ్ల తరవాతికి వెళదాం. 1968లో ఫోరర్ ఇదే కథని మళ్లీ తీశాడు, ఈసారి రంగుల్లో. పేరు ‘డెర్ గొరిల్లా ఫాన్ సోహో’. అంధుల ఆశ్రమం పోయి ఆడపిల్లల ఆశ్రమం వచ్చింది. బ్రెయిలీ కాగితం పోయి బొమ్మ వచ్చింది. చూపులేని మనిషి పోయి గొరిల్లా వచ్చింది. నేను ఇది చూసిన రోజు మా అన్నయ్య కూతురు మా ఇంట్లోనే ఉంది. కాసేపు ఓపిక పట్టి అంది:

“బాబాయ్, అది గొరిల్లా కాదు. ఎవడో గొరిల్లా తోలు తొడుక్కుని తిరుగుతున్నాడు.”

“సినిమాలో కూడా అంతేనమ్మా. వాడు మనిషే.”

“మరి భయపడాల్సింది దేనికి?”

మంచి ప్రశ్న. దర్శకుడు అదే, కథ అదే, కంపెనీ అదే. 1961 నాటిది చూస్తే అర్ధరాత్రి మంచినీళ్లకు లేవడానికి జంకు పుడుతుంది. 1968 నాటిది చూస్తే ఆవలింత వస్తుంది, మధ్య మధ్య నవ్వు వస్తుంది. తేడా ఎక్కడుంది?

రంగు ఒక కారణం. నలుపు తెలుపులో పొగమంచు హాంబర్గ్‌ని కప్పేసి లండన్ చేసింది. రంగుల్లో అన్నీ కనబడిపోయాయి. గొరిల్లా బొచ్చు కూడా. కానీ అసలు కారణం అది కాదనుకుంటాను. 1961లో తమ కథ తమాషాగా ఉందన్న సంగతి ఎడ్డీ ఆరెంట్‌కి ఒక్కడికే తెలుసు. మిగతావాళ్లు దాన్ని రామాయణమంత గంభీరంగా ఆడారు. 1968కి వచ్చేసరికి స్కాట్లాండ్ యార్డ్ పెద్దాయన దగ్గర్నుంచి అందరికీ తెలిసిపోయింది. అందరూ కన్ను గీటుతున్నారు. బుర్రకథలో హాస్యం చెప్పే వంత ఒక్కడే ఉంటాడు. కథకుడు కూడా తంబురా పక్కనపెట్టి జోకులు మొదలుపెడితే యుద్ధం ఎవరు చెబుతారు?

ఇదే దశాబ్దంలో, 1964లో, అమెరికన్ రచయిత్రి సూసాన్ సోంటాగ్ ‘క్యాంప్’ అనే ఈ అతి అలంకారపు అభిరుచి మీద ఒక వ్యాసం రాసింది. తెలియక అతి చేసినవాళ్లకూ, తెలిసి చేసినవాళ్లకూ మధ్య ఆవిడ గీత గీసింది. మొదటివాళ్లవైపే మొగ్గింది. ఫోరర్ సినిమాలు సరిగ్గా ఆ గీత మీద నడుస్తాయి. 1967 నాటి ‘కొరడా సన్యాసి’ దీనికి మంచి ఉదాహరణ. ఎర్రటి ముసుగు, ఎర్రటి అంగీతో ఒకడు ఆడపిల్లల హాస్టల్‌లో కొరడాతో హత్యలు చేస్తుంటాడు. జైల్లో ఉన్న ఖైదీలను రహస్యంగా బయటికి తెచ్చి హత్యలు చేయించి మళ్లీ లోపల పెట్టేస్తుంటారు. జైల్లో ఉన్నవాణ్ణి ఎవరు అనుమానిస్తారు? అంత తిక్క ఆలోచనని ఏమాత్రం తడబడకుండా నడిపించాడు. మార్టిన్ బ్యోట్చర్ సంగీతం దానికి మరీ తగ్గట్టుంది. మనకూ అదే 1967లో ‘అవేకళ్లు’ వచ్చింది. పెద్ద బంగళా, ముసుగు హంతకుడు, మధ్యలో కృష్ణ, కాంచన పాటలు. మద్రాసు, హాంబర్గ్ ఒకరినొకరు ఎరగకుండా ఒకే దారిన పోయాయి.

అయితే జర్మన్ల దారి కింద ఇంకేదో ఉందని నాకు గట్టి అనుమానం. ఈ కథల్లో హంతకుడెవడో చూడండి. కూలివాడు కాడు, వీధి రౌడీ కాడు. ముసుగు లాగితే లోపలుండేది ఎక్కువగా లాయరో, డాక్టరో, ట్రస్టీయో, ఊళ్లో నలుగురూ నమస్కారం పెట్టే పెద్దమనిషో. 1959లో జర్మనీకి యుద్ధం ముగిసి పద్నాలుగేళ్లే. అప్పుడు ఎవరు ఎక్కడ ఏం చేశారో పక్కింటివాణ్ణి అడిగే అలవాటు లేదు. పెద్దమనిషి ముఖం వెనక ఏముందన్న భయం ఉంది. దాన్ని సొంత ఊళ్లో పెట్టి చూసే ధైర్యం లేదు. లండన్‌లో పెడితే చూడొచ్చు. అక్కడైతే హత్యకు కారణం ఆస్తి మాత్రమే. చివరి రీల్లో దొరికిపోతాడు, ఇళ్లకు వెళ్లొచ్చు.

ఇది నా ఊహే కావచ్చు. కానీ ‘గొరిల్లా’లో ఇన్‌స్పెక్టర్ వేషం వేసిన హోర్స్ట్ టాపర్ట్ సంగతి ఊహ కాదు. ఆ తరవాత ఆయన ‘డెరిక్’ అనే టీవీ సీరియల్‌లో 1974 నుంచి 1998 దాకా పోలీసు అధికారిగా చేసి, జర్మనీలోనే గాక చాలా దేశాల్లో ప్రతి ఇంటికీ తెలిసిన నీతిమంతుడయ్యాడు. 2008లో పోయాడు. 2013లో పాత కాగితాలు బయటపడ్డాయి. యుద్ధకాలంలో ఆయన హిట్లర్ వాఫెన్ ఎస్ఎస్ దళంలో ఉన్నాడు. బతికుండగా ఆ మాట ఎప్పుడూ పైకి చెప్పలేదు. జర్మన్ టీవీ ‘డెరిక్’ పునఃప్రసారాలు ఆపేసింది. ఈ సంగతి తెలిశాక ‘గొరిల్లా’ మళ్లీ చూస్తే ముసుగు వేసుకున్నవాడికంటే వేసుకోనివాడి మీదే చూపు పోతుంది.

ఆ రోజుల్లో అక్కడి జనానికి నేరకథంటే ఎంత పిచ్చో చెప్పడానికి ఒక ఉదంతం ఉంది. 1962 జనవరిలో ‘డాస్ హాల్స్‌టూక్’ అనే టీవీ సీరియల్ వస్తుంటే వీధులు ఖాళీ అయ్యేవి. వోల్ఫ్‌గాంగ్ నాయ్స్ అనే హాస్యనటుడికి ఒళ్లు మండింది. అందరూ ఇంట్లో కూర్చుంటే తన సినిమా ఎవరు చూస్తారు? చివరి భాగం రాకముందే బెర్లిన్ పేపర్లో సొంత డబ్బుతో ప్రకటన వేయించాడు. హంతకుడు డీటర్ బోర్షె, బయటికొచ్చి నా సినిమా చూడండి అని దాని సారాంశం. దేశం అట్టుడికింది. ఆయన్ని దేశద్రోహి అన్నారు. ఆ బోర్షె ‘మృతనేత్రాలు’లో ఆశ్రమం నడిపే ఫాదర్ వేషం వేశాడు. అందులో ఆయనేం చేశాడో నేను చెప్పను. నాయ్స్‌కి పట్టిన గతి నాకెందుకు?

ఈ సిరీస్ 1972లో ఇటలీవాళ్లతో కలిసి తీసిన సినిమాలతో ముగిసింది. అప్పటికి నెత్తురు పెరిగింది, పొగమంచు తగ్గింది. 2004లో వీటిని వెక్కిరిస్తూ ‘డెర్ విక్సర్’ అని ఒక కామెడీ వచ్చింది. బాగా ఆడింది. నాకు రుచించలేదు. వెక్కిరింతకు ఫోరర్ మిగిల్చిందేమీ లేదు, ఆయనే అంతా చేసేశాడు.

చూడదలచుకున్నవాళ్లు ‘లండన్ మృతనేత్రాలు’తో మొదలుపెట్టండి, సబ్‌టైటిళ్లతో జర్మన్‌లోనే. ఇంగ్లిష్ డబ్బింగ్ దొరికినా వద్దు, లండన్‌వాళ్లు ఇంగ్లిష్ మాట్లాడితే మజా పోతుంది. తరవాత ‘కొరడా సన్యాసి’. ‘గొరిల్లా’ జోలికి మాత్రం ఆ రెండూ నచ్చితేనే వెళ్లండి.